గుమ్మడి నర్సయ్య గారు: సైకిల్ పక్కన పెట్టి, ఆయన శాసనసభ పని గురించి మాట్లాడుకుందాం

బొగ్గుట్ట_కుర్రోడు (ఇల్లందు, ఇప్పుడు హైదరాబాద్)

అందరికీ నమస్కారం.

మా ఇల్లందు మాజీ ఎమ్మెల్యే నర్సయ్య గారి మాట ఎక్కడ వచ్చినా ముందు సైకిల్ ఫోటో వస్తుంది. ఐదుసార్లు ఎమ్మెల్యే అయి కూడా సైకిల్ మీద తిరుగుతాడు, హైదరాబాద్‌కు ఆర్టీసీ బస్సులో వెళ్తాడు, జీతం పార్టీకి ఇచ్చేశాడు, టేకులగూడెంలో సొంత పొలం తనే చేసుకుంటాడు. అన్నీ నిజాలే. ఇల్లందులో పెరిగిన నాకు ఇందులో వింత కూడా లేదు. కానీ ఆ ఫోటో కింద కామెంట్లు చదివితే బాధేస్తుంది. అందరూ ఒక దండం పెట్టి వెళ్ళిపోతారు. అన్నేళ్ళు సభలో ఉన్న మనిషి అక్కడ ఎవరి తరఫున నిలబడ్డాడు, ఒంటరి సభ్యుడిగా ఏం చేయగలిగాడు, ఏం చేయలేకపోయాడు అన్నది ఎవరూ మాట్లాడరు.

ముందు లెక్క ఒకసారి చూడండి. 1983, 1985, 1989లో వరుసగా మూడు గెలుపులు. 1994లో సీపీఐ అభ్యర్థి ఊకే అబ్బయ్య గారి చేతిలో ఓటమి. 1999లో, 2004లో మళ్ళీ గెలుపు. 2009లో మళ్ళీ అబ్బయ్య గారే ఓడించారు, ఈసారి తెలుగుదేశం తరఫున. మొత్తం మీద 21 ఏళ్ళకు పైగా శాసనసభలో ఉన్నారు.

గెలిచిన ఐదుసార్లూ రాష్ట్రంలో ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. 1983, 1985, 1999 తెలుగుదేశం ఏళ్ళు. 1989, 2004 కాంగ్రెస్ ఏళ్ళు. ఏ గాలి వీచినా ఇల్లందు మాత్రం ఆ రెండు పార్టీల్లో దేనికీ ఓటేయలేదు. ఒక్కరోజు కూడా ఆయన అధికార పక్షంలో లేరు. అయినా జనం మళ్ళీ మళ్ళీ ఎందుకు పంపారు? నాకు తెలిసింది కొంతే. పెద్దవాళ్ళు, ఆ వైపు ఊళ్ళవాళ్ళు రాయండి.

---

గార్ల_మాస్టారు

బాబూ, మంచి పని చేశావు. నేను రిటైరై చాలా ఏళ్ళయింది. గార్ల, బయ్యారం, గుండాల మండలాల్లోనే నా సర్వీసంతా గడిచింది.

1985 ఎన్నికల్లో నాకు గుండాల వైపు పోలింగ్ డ్యూటీ పడింది. జీపు సగం దారిలోనే ఆగిపోయింది. బ్యాలెట్ పెట్టె నెత్తిన పెట్టుకుని వాగు దాటి నడిచాం. బడి పాక ముందు తెల్లవారక ముందే కోయవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఒక ముసలామె నా దగ్గరికొచ్చి, "సారూ, మా పిలగాని గుర్తు ఎక్కడుందో ఆ కాగితంల సూపియ్యి" అంది. నేను చూపించకూడదు కదా. అదే చెప్పాను. ఆమె కాగితం తిప్పి తిప్పి చూసుకుని, తనే వెతుక్కుని ముద్ర వేసింది. ఎవరికి వేసిందో నాకు తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. "మా పిలగాడు" అన్న మాట మాత్రం ఇన్నేళ్ళయినా చెవిలో ఉంది. ఎమ్మెల్యే అంటే జీపులో వచ్చే దొర అని తెలిసిన తరం అది. అలాంటి మనిషి నోట "మా పిలగాడు" అన్న మాట రావడం నాకు అప్పుడే పెద్ద మార్పుగా అనిపించింది.

ఇల్లందు గిరిజనులకు రిజర్వ్ అయిన సీటు. రిజర్వ్ సీటులో ఎవరు గెలిచినా గిరిజనుడే. కానీ వెనక ఉండి నడిపించేవాడు వేరే ఉంటాడు. చాలా చోట్ల అదే చూశాం. నర్సయ్య గారి వెనక ఉన్నది విప్లవ కమ్యూనిస్టు పార్టీ, నక్సలైటు నాయకుడు చండ్ర పుల్లారెడ్డి గారి పంథా నుంచి వచ్చినవాళ్ళు, తర్వాత సీపీఐ (ఎంఎల్) న్యూడెమోక్రసీ. వాళ్ళ రాజకీయంతో అందరికీ ఏకీభావం ఉండక్కర్లేదు. నాకే చాలా విషయాల్లో లేదు. కానీ ఆ పార్టీ ఒక కోయ రైతును నిలబెట్టి, ఐదుసార్లు సభకు పంపింది. ఇది చిన్న సంగతి కాదు.

---

ఇల్లందు_యువ

అందరికీ నమస్తే. నేను కొంచెం వేరేగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

నర్సయ్య గారంటే నాకు గౌరవమే. కానీ మా నాన్న తరం ఆయన్ని తలచుకుని మురిసిపోతుంటే నాకు ఒకటే అడగాలనిపిస్తుంది. మా తండాకు తారు రోడ్డు ఆయన ఉన్న రోజుల్లో రాలేదు. వర్షాకాలం అమ్మను మంచం మీద మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బయ్యారంలో ఇనుప ఖనిజం ఉందని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను, ఫ్యాక్టరీ లేదు. ఐదుసార్లు గెలిచిన మనిషి నియోజకవర్గం ఇలా ఎందుకుంది? నిజాయితీ ఉంటే చాలా? పని జరగాలి కదా.

---

కారేపల్లి_జంక్షన్

@ఇల్లందు_యువ తమ్ముడూ, అమ్మను మంచం మీద మోసిన సంగతి చదివి మనసు కలుక్కుమంది. ఆ కోపం న్యాయమే.

బయ్యారం మాటకొస్తే, ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమో కాదో చూడాలని 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్‌లోనే రాశారు. పార్లమెంటు రాసిన మాట అది. ఇప్పటికీ రాలేదు. నర్సయ్య గారు దిగిపోయింది 2009లో. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా పెద్ద పార్టీల వాళ్ళే. 2014లో, 2018లో ఇల్లందు కాంగ్రెస్ గుర్తుకు ఓటేసింది. గెలిచిన ఇద్దరూ ఆ తర్వాత అప్పటి అధికార పార్టీలో చేరారు. నియోజకవర్గ అభివృద్ధి కోసమనే చెప్పారు. అంటే నువ్వడిగే దారి కూడా చూశాం. ఆ దారిలో ఉక్కు ఫ్యాక్టరీ ఎంత దూరం వచ్చిందో నువ్వే చెప్పు.

రోడ్ల విషయంలో మాత్రం నీతో వాదించను. అధికార పక్షం ఎమ్మెల్యే ఫోన్ చేస్తే కదిలే ఫైలు ఒంటరి సభ్యుడు ఎన్నిసార్లు తిరిగినా కదలదు. అది ఆయన తప్పా, ఆ పద్ధతి తప్పా అన్నది వేరే చర్చ.

---

తునికాకు_బిడ్డ

నేను టేకులపల్లి మండలం ఆడపిల్లని. ఇప్పుడు హైదరాబాద్‌లో నర్సుగా చేస్తున్నాను. మామూలుగా ఇక్కడ చదవడమే గానీ రాయను. ఈ చర్చ చూసి ఆగలేకపోయాను.

రోడ్డు వస్తే అభివృద్ధి, రోడ్డు రాకపోతే ఏమీ జరగలేదు అన్నట్టు మాట్లాడుకుంటున్నాం. మా ఇంట్లో ఏం మారిందో చెప్తాను.

ఎండాకాలం మాకు తునికాకు, అంటే బీడీ ఆకు కాలం. తెల్లవారుజామున మూడింటికి అమ్మ, పెద్దమ్మ అడవికి పోయేవాళ్ళు. పదింటికల్లా మూటతో వచ్చేవాళ్ళు. ఇక మధ్యాహ్నమంతా పందిరి కింద కూర్చుని కట్టలు కట్టడమే. కట్టకు 50 ఆకులు. ఆ లెక్క నాకు బడికి పోకముందే వచ్చు. సాయంత్రం కల్లానికి, అంటే ఆకు కొనే చోటికి తీసుకెళ్తే అక్కడి కల్లేదారు చూసి, ఆకు చిన్నదనో, మచ్చ ఉందనో పక్కన పడేసేవాడు. కొసరు కట్టలు అడిగేవాడు. కట్టకు ఇచ్చేది పైసల్లో.

ప్రతి ఏడూ కోత మొదలయ్యే ముందు రేటు కోసం సంఘం మీటింగ్ పెట్టేది. రేటు తేలేదాకా ఆకు కోయొద్దనేవాళ్ళు. ఆకు పది రోజులు ఆలస్యమైతే ముదిరిపోతుంది, కాంట్రాక్టరుకు నష్టం. మా ఇంట్లో కూడా ఆ పది రోజులు టెన్షనే, ఎందుకంటే చేతిలో వేరే డబ్బు ఉండదు. అయినా ఆగేవాళ్ళు. కట్టకు ఐదు పైసలో పది పైసలో పెరిగితే, ఆ పైసలతోనే నాకు బడి బట్టలు వచ్చేవి. నేను హాస్టల్‌కు పోయింది ఆకు డబ్బుతోనే.

ఇందులో ఎమ్మెల్యే చేసిందేముంది అంటారేమో. కల్లం దగ్గర అమ్మ ఒక్కతే అడిగితే కల్లేదారు తోసేస్తాడు. సంఘం అడిగితే కాంట్రాక్టరు వింటాడు. ఆ సంఘం మనిషే అసెంబ్లీలో ఉన్నాడంటే అధికారులు కూడా వింటారు. మా ఊరి వాళ్ళకు పోలీసుల దగ్గరికి, ఫారెస్టోళ్ళ దగ్గరికి పోవాలంటే వణుకు. "మన నర్సన్న ఉన్నాడు" అనుకుంటే ఆ వణుకు కొంచెం తగ్గేది. దీన్ని ఏ అభివృద్ధి లెక్కలో రాస్తారో నాకు తెలియదు. నాకైతే తారు రోడ్డు కంటే తక్కువ అనిపించదు.

---

ఇల్లందు_యువ

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా నాన్నమ్మ కూడా ఆకుకు పోయేది. ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు.

---

గన్నవరం_వాసి

సైకిల్ అంటే మా కృష్ణా జిల్లా వాళ్ళకు పుచ్చలపల్లి సుందరయ్య గారే గుర్తొస్తారు. రాజ్యసభకు సైకిల్ మీద వెళ్ళిన మనిషి. మా గన్నవరం నుంచి 1955లో, 1962లో, మళ్ళీ 1978లో శాసనసభకు వెళ్ళారు. ఆయన విషయంలోనూ ఇదే జరిగింది. పిల్లలకు సైకిల్ కథ తెలుసు, ఆస్తి పంచిన కథ తెలుసు. ఆయన సభకు ఎంత సిద్ధమై వెళ్ళేవారో, కాలువలు, నీటిపారుదల లెక్కలు ఎంత లోతుగా చదివేవారో మా నాన్న లాంటి పాత తరం వాళ్ళే చెప్పుకునేవారు. ఇద్దరికీ పోలిక పెట్టడం లేదు. వాళ్ళ నేపథ్యాలు వేరు. సుందరయ్య గారు భూస్వామి ఇంట్లో పుట్టి అన్నీ వదులుకున్నారు. నర్సయ్య గారికి వదులుకోవడానికి అంత ఆస్తి లేదు, సంపాదించే అవకాశం ఉంది. దాన్ని ముట్టుకోలేదు. రెండోది ఇంకా కష్టమేమో అని నాకు అనిపిస్తుంది.

---

చట్టం_చదివినోడు (వరంగల్)

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. "సభలో ఏం చేశారు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, ఒంటరి సభ్యుడి చేతిలో ఏముంటుందో తెలియాలి.

ఉమ్మడి రాష్ట్రం సభలో 294 మంది. ఎవరికి ఎంత సమయమో సభా వ్యవహారాల సలహా సంఘంలో పార్టీల బలాన్ని బట్టి తేలుస్తారు. పెద్ద పార్టీకి గంటలు, ఒక్కడే ఉన్నవాడికి నిమిషాలు. నర్సయ్య గారి పార్టీకి ఎన్నికల గుర్తింపు లేదు కాబట్టి రికార్డుల్లో ఆయన స్వతంత్రుడనే ఎక్కువగా కనిపిస్తారు. బడ్జెట్ మీద చర్చలో ఆయన వంతు వచ్చేసరికి సభ సగం ఖాళీగా ఉంటుంది, గంట మోగుతూ ఉంటుంది. ఇది ఏ ఒంటరి సభ్యుడికైనా తప్పదు.

అయినా ఒక ఆయుధం ఉంది. అది ప్రశ్న. సభ్యుడు రాతపూర్వకంగా ఇచ్చిన ప్రశ్నను స్పీకర్ అనుమతిస్తే మంత్రి జవాబు చెప్పాలి. నక్షత్రపు గుర్తున్న ప్రశ్న అయితే సభలో నోటితో చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు కూడా అడగొచ్చు. ఉదాహరణకు, ఫలానా మండలంలో పోడు (అడవి నేలను చదును చేసి చేసే సాగు) సాగుదారుల మీద ఎన్ని కేసులు పెట్టారు అని అడిగారనుకోండి. మంత్రి చెప్పిన అంకె ప్రభుత్వం ఒప్పుకున్న అంకె అవుతుంది. రేపు ఆ కాగితం పట్టుకుని కోర్టుకు పోవచ్చు, కలెక్టర్ దగ్గరికి పోవచ్చు. అడవిలో ఉన్న మనిషి కష్టం ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కే దారి అది. రోడ్డు వేయించలేని ఎమ్మెల్యే కూడా ఈ పని చేయగలడు.

ఇక ఆయన ప్రాంతంలో అసలు గొడవంతా భూమిది. రెండు మాటలు చెప్తాను.

ఒకటి, 1/70 చట్టం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టిపరిచారు. ఏజెన్సీ ప్రాంతంలో భూమి గిరిజనుల మధ్యనే చేతులు మారాలి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. కాగితం మీద ఇంత గట్టి చట్టం దేశంలో అరుదు. అమలులో ఏమైందో ఇల్లందు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

రెండు, పోడు. అడవి హద్దులు గీసినప్పుడు ఊళ్ళను, చేలను కూడా కలిపి గీసేశారు. తాతల నుంచి దున్నుతున్నవాడు ఒక్క రోజులో ఆక్రమణదారు అయ్యాడు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాకే "ఇది చారిత్రకంగా జరిగిన అన్యాయం" అని పార్లమెంటు ఒప్పుకుంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి 10 ఎకరాల దాకా హక్కు ఇవ్వాలంది, తేల్చే పని గ్రామసభతో మొదలుపెట్టమంది. ఆ చట్టం వచ్చిన రోజుల్లో నర్సయ్య గారు సభలో ఉన్నారు, ఐదోసారి. ఆయన పార్టీ, రైతు కూలీ సంఘం అప్పటికి పాతికేళ్ళుగా అడుగుతున్నది అదే. చట్టం ఢిల్లీలో ఒక్కరి వల్ల రాలేదు, దేశమంతా కదిలితే వచ్చింది. కానీ ఆ కదలికలో ఇల్లందు భాగం ఉంది. నర్సయ్య గారు సభలో ఉండటాన్ని నేను ఆ భాగంలోనే లెక్కిస్తాను.

---

కారేపల్లి_జంక్షన్

@చట్టం_చదివినోడు చాలా బాగా చెప్పారు సార్. ఒక్కటి కలుపుతాను. మా వైపు పోడు భూముల్లో కందకాలు తవ్వి జామాయిల్ మొక్కలు పెట్టేవారు. మొక్కజొన్న వేసుకున్న చేను తెల్లారేసరికి ఫారెస్టు ప్లాంటేషన్. ఆడవాళ్ళు వెళ్ళి అడ్డంగా కూర్చునేవాళ్ళు. కేసులు, జైళ్ళు. మా ఇంట్లోనే ఇద్దరి మీద కేసులుండేవి. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు ఇస్తున్నామని చెప్పినప్పుడు మా చిన్నాన్నకు కాగితం వచ్చింది. ఆ కాగితం చూసుకుని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పక్కింటాయనకు మాత్రం రాలేదు, ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

---

షోలాపూర్_మగ్గం

నమస్కారం. మా తాతలు పాలమూరు నుంచి షోలాపూర్‌కు మగ్గం పని మీద వచ్చారు. మా ఇంట్లో తెలుగే, బయట మరాఠీ. నర్సయ్య గారి గురించి చదువుతుంటే మా జిల్లా సాంగోలా ఎమ్మెల్యే గణపతరావు దేశ్‌ముఖ్ గారు గుర్తొచ్చారు. అక్కడ ఆయన్ని అందరూ ఆబా అంటారు.

1962లో మొదటిసారి గెలిచారు. 1972లో, 1995లో ఓడారు. మిగతా అన్నిసార్లూ గెలిచారు, మొత్తం 11 సార్లు. చివరిసారి 2014లో, అప్పటికి 88 ఏళ్ళు. ఒకే నియోజకవర్గం, ఒకే పార్టీ. శేతకరీ కామగార్ పక్షం, అంటే రైతు కూలీ పార్టీ. ఆయన కూడా ఎస్టీ బస్సులో, అంటే అక్కడి ఆర్టీసీ బస్సులో ముంబయికి పోయేవారు. 2021 జులైలో పోయారు.

నేను చెప్పాలనుకున్నది ఇది. సాంగోలా కరువు తాలూకా. ఆబా ప్రతిపక్షంలోనే ఎక్కువ కాలం ఉన్నా, రెండుసార్లు కొద్దికాలం మంత్రి కూడా అయ్యారు. సహకార నూలు మిల్లు పెట్టించారు. మా మగ్గాల వాళ్ళకు నూలు మిల్లు అంటే ఏమిటో తెలుసు కదా, అందుకే ఆయన పేరు మా ఇంట్లో కూడా వినబడేది. టెంభూ ఎత్తిపోతల నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. అంటే ఊరికి ఏదో ఒక సంస్థ మిగిల్చారు. ఇల్లందులో అలాంటిది ఏమైనా మిగిలిందా? తప్పు పట్టడానికి కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను.

---

గార్ల_మాస్టారు

@షోలాపూర్_మగ్గం బాబూ, మంచి ప్రశ్న అడిగావు. నిజాయితీగా చెప్పాలంటే, మిల్లు లాంటిది మిగల్లేదు. సంఘాలు మిగిలాయి, అవీ ఇప్పుడు బలహీనపడ్డాయి. 2013లో ఆ పార్టీ కూడా రెండుగా చీలింది. సంస్థలు కట్టడాన్ని ఆ పంథా వాళ్ళు పెద్దగా నమ్మలేదనుకుంటాను. ప్రభుత్వాన్ని అడగడం, పోరాడి తెచ్చుకోవడం మీదే వాళ్ళ దృష్టి. ఒక సహకార సంఘం పెట్టి తునికాకు, విప్ప పువ్వు, తేనె మన వాళ్ళే అమ్ముకునేట్టు చేసి ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. ఇది నా అభిప్రాయం. వాళ్ళ మీద నిర్బంధం ఎలా ఉండేదో చూసినవాణ్ణి కాబట్టి గట్టిగా తప్పు పట్టలేను కూడా. కార్యకర్తలు ప్రాణాలు నిలుపుకోవడమే గొప్పగా గడిచిన ఏళ్ళున్నాయి.

---

భాగ్యనగర్_రాజు

11 సార్లు, 13 సార్లు అని లెక్కేస్తే కరుణానిధి గారు, కేరళలో పాలా నుంచి కె.ఎం. మాణి గారు, పుతుపల్లి నుంచి ఊమెన్ చాందీ గారు కూడా ఉన్నారు కదా. మాణి గారు 13 బడ్జెట్లు పెట్టారు. వాళ్ళతో పోలిస్తే ఐదుసార్లు పెద్ద సంఖ్యేం కాదు.

---

బొగ్గుట్ట_కుర్రోడు

@భాగ్యనగర్_రాజు సంఖ్యలో మీరు చెప్పింది నిజమే అన్నా. కానీ వాళ్ళు పార్టీలను నడిపినవాళ్ళు, మంత్రులు, వాళ్ళలో ఇద్దరు ముఖ్యమంత్రులు కూడా. వాళ్ళకు ఓటేస్తే తమ ఊరికి ప్రభుత్వంలో మనిషి ఉంటాడని జనానికి తెలుసు. ఇల్లందు జనానికి ఆ ఆశ ఒక్కసారి కూడా లేదు. ఈయన మంత్రి కాడు, ఈయన పార్టీ అధికారంలోకి రాదు. అది తెలిసి, ఐదుసార్లు పంపారు. నాకు ఆశ్చర్యం అక్కడే.

---

తునికాకు_బిడ్డ

ఆశ్చర్యం ఎందుకన్నా. మా వాళ్ళు రోడ్డు కోసం ఓటేయలేదు. భూమిలో ఉండనిస్తే చాలనుకున్నారు.

---

ఇల్లందు_యువ

నిన్న రాత్రి ఈ పోస్టులన్నీ నాన్నకు చదివి వినిపించాను. ఆయన సింగరేణిలో చేసి రిటైరయ్యారు. చాలాసేపు విని, "1994లో నేను కూడా నర్సన్నకు వేయలేదురా" అన్నారు. ఎందుకు అని అడిగాను. రాష్ట్రమంతా మార్పు వస్తోంది, మన ఎమ్మెల్యే కూడా ప్రభుత్వానికి దగ్గరగా ఉంటే గనుల దగ్గర, కాలనీలో పనులవుతాయని అనుకున్నారట. సీపీఐ అప్పుడు తెలుగుదేశంతో పొత్తులో ఉంది. ఐదేళ్ళు చూసి 1999లో మళ్ళీ ఈయనకే వేశారట.

నేను ఇంకా ఒప్పుకోని సంగతి ఒకటుంది. అడవి ఊళ్ళకు, పోడు రైతులకు ఆయన ఎంత అవసరమో మీరంతా చెప్పారు, నాకర్థమైంది. కానీ ఇల్లందు పట్టణం కూడా ఆ నియోజకవర్గమే. సింగరేణి పుట్టింది మా ఊళ్ళో, 1889లో ఇక్కడే బొగ్గు తీయడం మొదలైంది. ఆ కంపెనీకి పేరిచ్చిన సింగరేణి ఊరు నర్సయ్య గారి సొంత మండలంలోనే ఉంది. బొగ్గు తీశారు, గనులు మూసుకుంటూ పోయారు, పట్టణం చిన్నబోయింది. నా వయసు వాళ్ళంతా బయటికి పోయారు. ఈ మాట ఎంత గట్టిగా అడగాలో అంత గట్టిగా ఎవరూ అడగలేదు అనిపిస్తుంది, ఆయనతో సహా.

---

కారేపల్లి_జంక్షన్

నీ మాటలో న్యాయముంది తమ్ముడూ.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు, పునర్విభజన. 2009 ఎన్నికలకు నియోజకవర్గాల హద్దులు మార్చారు. గుండాల పినపాకలో కలిసింది. మా సింగరేణి మండలం, అంటే కారేపల్లి, కొత్తగా వచ్చిన వైరా నియోజకవర్గంలోకి పోయింది. నర్సయ్య గారి టేకులగూడెం ఇటే ఉంది. అంటే సొంత ఊరే ఆయన నియోజకవర్గంలో లేకుండా పోయింది. పాతికేళ్ళుగా ఆయన్ని మోసిన అడవి ఊళ్ళు చాలా వరకు అవతలికి వెళ్ళాయి. 2009 ఓటమికి ఇదొక్కటే కారణం అనను, డబ్బు ఖర్చు కూడా అప్పటికే బాగా పెరిగింది. కానీ ఈ సంగతి చెప్పకుండా "జనం ఆయన్ని వద్దనుకున్నారు" అని రాసేస్తే తప్పు. ఆయనకు ఓటేసే జనంలో చాలామందికి ఆ రోజు ఆయన పేరు బ్యాలెట్ మీద లేదు.

---

గార్ల_మాస్టారు

ఇది నేను మరచిపోయాను. నిజమే, గుండాల పోవడం పెద్ద దెబ్బ. 1985లో నేను పెట్టె మోసుకెళ్ళిన ఊళ్ళే అవి.

జిల్లాలు మారాక ఇప్పుడు మా గార్ల, బయ్యారం మహబూబాబాద్ జిల్లా. ఇల్లందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెం. కామేపల్లి ఖమ్మం. ఒక ఎమ్మెల్యే మూడు కలెక్టరేట్లు తిరగాలి. సైకిల్ మీద తిరిగే మనిషికైతే అసాధ్యమే.

---

షోలాపూర్_మగ్గం

మాస్టారూ, నా ప్రశ్నకు అంత నిజాయితీగా జవాబిచ్చినందుకు కృతజ్ఞతలు. మా దగ్గర ఆబా మనవడు 2024లో సాంగోలా నుంచి అదే పార్టీ తరఫున గెలిచారు. ఇల్లందులో నర్సయ్య గారి తర్వాత ఆ పార్టీ నుంచి ఎవరైనా గెలిచారా?

---

చట్టం_చదివినోడు

లేదండీ. 2009 తర్వాత ఆ సీటు వాళ్ళకు మళ్ళీ రాలేదు.

---

బొగ్గుట్ట_కుర్రోడు

అందరూ ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. చట్టం సార్ ప్రశ్నల గురించి చెప్పాక నాకు ఒక ఆలోచన వచ్చింది. శాసనసభ చర్చలు పుస్తకాలుగా అచ్చవుతాయి కదా, ఎవరు లేచి ఏం అడిగారు, మంత్రి ఏం చెప్పారు అన్నీ అందులో ఉంటాయి. 1983 నుంచి 2009 దాకా ఆయన ఉన్న సమావేశాలు వరుసగా తీసి చూస్తే, సైకిల్ కథ కాకుండా ఆయన మాటే దొరుకుతుంది. శనివారాలు నాకు ఖాళీ. మొదలుపెడదామనుకుంటున్నాను. అంత పెద్ద రాశిలో ఎక్కడ వెతకాలో మాత్రం తెలియడం లేదు.

---

చట్టం_చదివినోడు

ప్రతి సంపుటానికీ వెనక సభ్యుల పేర్ల సూచిక ఉంటే దాంతో మొదలుపెట్టు. లేకపోతే బడ్జెట్ సమావేశాలు తీసుకో. అటవీ శాఖ, గిరిజన సంక్షేమ శాఖ పద్దుల మీద చర్చ జరిగే రోజులు చూడు. ఒంటరి సభ్యుడికి మాట్లాడే వంతు అక్కడే ఎక్కువ దొరుకుతుంది. నేను కూడా వస్తాను, ఇద్దరం పంచుకుని చదువుదాం.

---

తునికాకు_బిడ్డ

నాకు ఆదివారం డ్యూటీ ఉంటుంది గానీ శనివారం కుదురుతుంది, నేనూ వస్తాను. తునికాకు రేటు గురించి అడిగిన రోజు దొరికితే ముందు నాకు చూపించండి. అమ్మకు చదివి వినిపించాలి.

---

ఇల్లందు_యువ

గనుల మూసివేత గురించి ఏమైనా అడిగారేమో అది కూడా చూడండి అన్నా. నేను పైన రాసింది తప్పని తేలితే ఇక్కడే రాస్తాను.

---

కారేపల్లి_జంక్షన్

మా ఇంట్లో వాళ్ళ మీద పోడు కేసు పడిన ఏడాది చిన్నాన్నను అడిగి రేపు రాస్తాను. కేసు కాగితాలు ఆయన ట్రంకు పెట్టెలో ఇంకా ఉన్నాయి.